చల్లని చివర

గ్రిమ్స్‌బీలో చలి సముద్రం మీంచి రాదు,
తలుపు కింద సందులోంచి వస్తుంది.
జనవరిలో మా ఇంట్లో
ఇరవై తొమ్మిది డిగ్రీలుండే చోటు ఒక్కటే:
మూడడుగుల గాజుపెట్టె, దాని కుడి చివర.

అక్కడ ఉండేది నేను కాదు.

పై అంతస్తు డెరెక్ తుంటి విరిగి ఆసుపత్రికి పోతూ
స్ట్రెచర్ మీంచే తాళంచెవి నా చేతిలో కుక్కాడు.
"నీ పేరుకి పామని అర్థం అన్నావుగా, ఫణీ!"
ఎప్పుడో మెట్ల మీద ఊసుపోక అన్నమాట.
అమ్మమ్మ మొక్కుకుని పెట్టిన పేరది.
వానపాముని చూసి చెప్పులొదిలి పరిగెత్తినవాణ్ణని
అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

కార్న్ స్నేక్. నారింజ ఒంటి మీద ఇటుకరంగు మచ్చలు,
పొట్ట కింద తెలుపూ నలుపూ గళ్లు
రంగు మొక్కజొన్న కండె ఒలిచి పరిచినట్టు.
మన జెర్రిపోతుకి ఏడు సముద్రాల అవతలి చుట్టం.
విషం లేదు. పేరు డోరిస్.

పెట్టెకి అంటించిన పాత క్యాలెండరు కాగితం వెనక
డెరెక్ చేతిరాత, వంకర వంకరగా:
"మ్యాట్ అడుగున మూడో వంతుకే. మొత్తం పరచకు.
థర్మోస్టాట్ లేకుండా స్విచ్ వెయ్యకు.
పొట్ట కాలుతున్నా లేచిపోవాలని దానికి తోచదు.
గూళ్లు రెండు. వెచ్చగా ఒకటి, చల్లగా ఒకటి.
ఒక్కటే పెడితే
దాక్కోవాలా, చలి కాచుకోవాలా అని నలిగిపోతుంది.
మూత క్లిప్పులు రెండుసార్లు చూడు.
నీ చిటికెనవేలు దూరే సందు దానికి సింహద్వారం."

పోస్టుమాన్ కీత్ ఒక చెయ్యేస్తే పెట్టె కిందికి దింపాం.
ఫ్రీజర్లో గోంగూర పొట్లం పక్కన
ఎలుకపిల్లల పొట్లం.
రెండింటి మీదా పేర్లు రాశాను, పెద్ద అక్షరాలతో.

పాముకి పాలు పోసి పెంచడం అంటాం కదా,
డోరిస్ పాల మొహం చూడదు. గిన్నెడు నీళ్లు చాలు.
నేను పోసి పెంచింది కరెంటు.
మీటర్లో పౌండ్లు కరుగుతుంటే
నా గది హీటరు ఆపేశాను.
కొబ్బరినూనె సీసాలో రాయైంది.
చారు కాచుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని,
గాజుకి ముక్కు ఆనించి కూర్చునేవాణ్ణి.
లోపల రంపపు పొట్టులో ఒక అల కదిలి ఆగేది.

ఆ రాత్రి మూడింటికి మీటరు ఖాళీ.
థర్మోస్టాట్ ఎర్రకన్ను ఆరిపోయింది.
మూల కొట్టు తెరిచేది ఆరుకి.

ఏం చేశానో చెప్తే అమ్మమ్మ నవ్వుతుంది.
దిండు గలీబు తిరగేసి చేతికి తొడుక్కుని,
కళ్లు సగం మూసుకుని
దాన్ని లోపలికి లాగి, మూతి ముడేసి,
కోటు లోపల పెట్టుకున్నాను.
తడిగా ఉంటుందనుకున్నాను. లేదు.
అమ్మ పట్టుచీర మడతలా పొడిగా ఉంది.
ఎడమ పక్కటెముకల దగ్గర చుట్ట చుట్టుకుంది.
నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో
దానికి తప్ప ఎవరికీ తెలీదు.

గంటకి చుట్ట విప్పింది.
నన్నొదిలి, గలీబు చల్లటి మూలకి జరిగింది.
చచ్చిపోతోందా అని వణికిపోయాను.
తర్వాత కాగితం గుర్తొచ్చింది, గూళ్లు రెండు అని.
అంత వెచ్చదనం ఇచ్చాక
వద్దని పక్కకి జరగడానికి
కాస్త చోటు కూడా ఇవ్వాలి కాబోలు.

ఆరున్నరకి ఎర్రకన్ను తెరుచుకుంది.
పదింటికి ఆసుపత్రి నుంచి ఫోను.
రాత్రి కథంతా చెప్పాను. డెరెక్ అడిగింది ఒక్కటే:
"చల్లని చివర ఎంతుంది?"
"ఇరవై ఒకటి."
"బావుంది." కాసేపు దగ్గు. "మరి నీ గది?"

కొబ్బరినూనె ఇంకా కరగలేదన్నాను.
అదేం కొలతో ఆయనకి అర్థం కాలేదు.